కేసముద్రంలో ఆగిన మెయిలు

ఆ ఆట నాది. ముందు ఈ మాట చెప్పి మొదలుపెడతాను. ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను అడగలేదు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

కాజీపేటలో మేమున్నది రైల్వే క్వార్టర్లలో. నాలుగిళ్ళకు కలిపి ముందర ఒకటే పొడుగాటి సిమెంటు వరండా. మా నాయిన సిగ్నల్ కేబిన్‌లో పట్టాలు మార్చే లివర్లు గుంజే పని చేసేవాడు. మాటలు తక్కువ మనిషి. డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కొని, అన్నం తిని పడుకునేవాడు. బండ్ల గురించి అడిగితే మాత్రం నోరు విప్పేవాడు. ఒంటిపట్టా లైను మీద పనిచేసిన రోజుల్లో టోకెన్ ఎట్లా ఇచ్చేవాళ్ళో నాకు చెప్పింది ఆయనే. రెండు స్టేషన్ల మధ్య పట్టాకు మిషన్‌లోంచి ఒకటే టోకెన్ బయటికి వస్తుంది. అది చేతిలో ఉన్న డ్రైవరే బండి కదపాలి. చేతిలో లేకపోతే ఎవరు చెప్పినా కదపకూడదు. ఎదురుగా ఇంకో బండి వస్తుండవచ్చు.

డెబ్బైల మధ్యలో, నాకు పన్నెండేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో ఈ మాటల్లోంచి నేను ఒక ఆట చేశాను. బడి నుంచి తెచ్చుకున్న సుద్దముక్కలతో వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టా గీశాను. మా గుమ్మం ముందు కాజీపేట. తర్వాత వరంగల్, నెక్కొండ, కేసముద్రం, మానుకోట, గార్ల. చివరి ఇంటి ముందు డోర్నకల్. అసలు లైను ఎట్లా ఉన్నా నేను ఒకటే పట్టా గీశాను. సుద్ద సరిపోదు, పైగా ఒంటిపట్టా అయితేనే తంటా. స్టేషన్లలో మాత్రం పక్కన ఇంకో పట్టా, బండిని నిలబెట్టడానికి. స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య గడులు. ఏ బండి ఎక్కడ ఆగాలో, ఏది పోవాలో చెప్పే కంట్రోలర్ ఒక లెక్క పెడితే ప్రతి బండీ ఒక గడి జరగాలి. బండ్లంటే మనుషులే. మెయిలు, ప్యాసింజరు ఇటు నుంచి అటు పోతాయి. గూడ్సు అటు నుంచి ఇటు వస్తుంది. అరవై లెక్కల్లో మూడూ చేరాలి, ఎక్కడా ఎదురుపడకూడదు.

స్టేషన్ మాస్టర్లయిన పిల్లలకు టోకెన్లుగా నా గాజులు ఇచ్చాను. ఒక్కో ముక్క లైనుకు ఒక్కో రంగు. వరంగల్ దాకా పచ్చది, నెక్కొండ దాకా నీలం, అట్లా. కేసముద్రానికీ మానుకోటకూ మధ్య ఎర్రది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చెప్తాను.

కంట్రోలర్‌ని నేనే. మా నీళ్ళగది పీట తెచ్చి కాజీపేటలో వేసుకొని కూర్చునేదాన్ని. వారం రోజులు ఆట బ్రహ్మాండంగా సాగింది. ఆ తర్వాత దారి దొరికిపోయింది. ప్యాసింజరును నెక్కొండలో పక్కన పెట్టి మెయిలును ముందుకు పంపాలి, గూడ్సును మానుకోటలో ఆపాలి. అంతే. ఒకసారి తెలిశాక ఆడటానికి ఏమీ మిగల్లేదు. నేను నోరు తెరవకముందే పక్కింటి పిల్లలు ఎవరి గడిలో వాళ్ళు పోయి నిలబడేవాళ్ళు, ఎక్కాలు అప్పజెప్పినట్టు. పదో రోజుకు గోలీలకు వెళ్ళిపోయారు. వాళ్ళకు ఓపిక లేదని నేను వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తప్పు ఆటలో ఉందని నాకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదు.

మరుసటి ఎండాకాలం చివరి ఇంట్లోకి డోర్నకల్ నుంచి ఒక డ్రైవరు కుటుంబం వచ్చింది. డ్రైవర్లకిచ్చే పెద్ద క్వార్టర్ ఖాళీ లేక తాత్కాలికంగా మా లైన్లో ఇచ్చారు. తాత్కాలికంగా అన్న మాట వాళ్ళమ్మ రోజుకు నాలుగుసార్లు అనేది. ఒక్కతే కూతురు, నా ఈడుది. నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలు, గాజుల్లేని చేతులు. మొదటి రోజే వరండాలో నా పాత సుద్దగీతల మీద కాలుతో రాస్తూ అడిగింది.

"ఇదేంది?"

"ఆట."

"మరి ఎవలు ఆడుతలేరేంది?"

ఈ ప్రశ్న నేను మర్చిపోలేదు. అడిగిన తీరు కూడా మర్చిపోలేదు. వెక్కిరింపు కాదు, నిజంగా తెలుసుకుందామనే. అందుకే ఎక్కువ మండింది.

ఆట మొత్తం చెప్పించుకుంది. టోకెన్ దగ్గర తల ఊపింది, ఆమెకు తెలిసిన సంగతే. మర్నాడు ఒక బిస్కెట్ డబ్బా నిండా చీటీలు తెచ్చింది. రెండు రకాలు. ఒకటి కష్టాల చీటీలు. పది లెక్కలకొకసారి ఒకటి తీయాలి. బర్రె అడ్డం వచ్చింది, రెండు లెక్కలు ఆగాలి. బొగ్గు తడిసింది. చైను గుంజిండ్రు. పెండ్లోళ్ళు ఇంకా ఎక్కుతనే ఉన్నరు. ఇంకో రకం రహస్యం చీటీలు. ఆట మొదట్లో డ్రైవర్లు ఒక్కోటి తీసి, ఎవరికీ చూపకుండా దాచుకోవాలి. మెయిలుకు వచ్చిన దానిలో 'నీ బండిల పెద్దాఫీసరు ఉన్నడు, ప్యాసింజరు కంటే ముందు చేరకపోతే నీ నౌకరి పోతది' అని ఉండవచ్చు. గూడ్సుకు 'మామిడిపండ్లు, నలభై లెక్కలు దాటితే కుళ్ళిపోతాయి' అని రావచ్చు. కొన్ని చీటీల్లో ఏమీ ఉండదు, ఉత్త కాగితం. అది కూడా దాచుకోవాలి.

ఆ ఉత్త కాగితం దగ్గరే ఆమె నన్ను దాటిపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. అప్పుడు అనిపించింది ఒకటే, నా వరండాలో, నా గీతల మీద, నా గాజులతో ఈమె ఎవరు అని.

ఉత్త కాగితం వచ్చినవాడు కూడా కంట్రోలర్‌ను బతిమాలేవాడు. ఆట ఆటలా లేకుండా పోయింది. పక్కింటి వాడు, నా కంటే చిన్నవాడు, ప్యాసింజరు డ్రైవరుగా వరంగల్‌లో నిలబడి అగ్గిపెట్టె చెవికి పెట్టుకొని ఫోను చేసేవాడు.

"కంట్రోల్ సార్, లోపల ఒకామెకు నొప్పులు వస్తానయ్. జర లైన్ ఇయ్యుండ్రి."

"నిన్న గూడ నొప్పులే అంటివి గదా?"

"నిన్న వేరే ఆమె సార్."

"ఇయ్యాల్నన్నా బిడ్డ పుడతదా, మళ్ళ ఉత్త కాయిదమేనా?"

"మీరు లైన్ ఇస్తే పుడతది సార్. ఇయ్యకపోతే మీ పేరే పెడతం."

అందరూ పడిపడి నవ్వేవాళ్ళు. వాడు చెప్పేది నిజమా అబద్ధమా అన్నది ఆట అయ్యాక చీటీ విప్పితే గాని తెలియదు. నా ఆటలో ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పాల్సిన పని ఉండేది కాదు. పట్టా అదే, గడులు అవే, స్టేషన్లు నావే. కానీ ఏ రోజుకారోజు కొత్తగా ఉండేది, ఎందుకంటే ఎదుటివాడి మనసులో ఏముందో నేలమీద గీసి ఉండదు కదా.

అందరికీ వంతులు పెట్టిందీ ఆమే. ఒకరోజు కంట్రోలరైనవాళ్ళు మర్నాడు డ్రైవరు కావాలి, ఆ మర్నాడు స్టేషన్ మాస్టరు. మొదటి రోజు వంతులు పంచినప్పుడు నా పీట మీద తను కూర్చుంది. నాకు గూడ్సు ఇచ్చింది.

"నువ్వు గూడ్స్ తీస్కో అక్కా. నీకు లైనంత తెలుసు గదా, ఆగుడు నువ్వైతేనే ఆగుతవ్."

నా కంటే మూడు నెలలు చిన్నది, అందుకని అక్కా. పొగిడినట్టే ఉంది. కేబిన్‌మ్యాన్ బిడ్డకు గూడ్సు, డ్రైవరు బిడ్డకు పీట, అని నాకు వినబడింది. ఆ రోజు గార్ల పక్కపట్టాలో ఇరవై రెండు లెక్కలు నిలబడ్డాను. అక్కడ నిలబడితే నేను కంట్రోలర్‌గా ఉన్నప్పుడు ఎన్నడూ చూడనివి కనబడ్డాయి. మెయిలు భయపడుతున్నది. ప్యాసింజరు అబద్ధం చెప్తున్నది. మానుకోట మాస్టరుకు లెక్క రాదు. అదే వరండా, ఇంకో మనిషినై చూస్తే ఇంకో ఊరిలా ఉంది. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు కూడా కాగితం మీద కాబట్టి అంటున్నాను.

ఒకసారి మా వాళ్ళు ఉత్సాహం పట్టలేక కష్టాల చీటీలు ప్రతి రెండు లెక్కలకూ తీయడం మొదలుపెట్టారు. బర్రె మీద బర్రె. ఆ ఆటలో గెలిచినా సంబరం లేదు, ఓడినా ఏడుపు లేదు, లాటరీ అయిపోయింది. నేను మనసులో సంతోషపడ్డాను, ఇంక ఇది చెడిపోతుందని. ఆమె సగం చీటీలు తీసి పొయ్యిలో వేసింది. ఆటకు ఐదే అంది. చీటీలు ఎక్కువైతే తెలివికి పని లేదని, అసలే లేకపోతే భయానికి పని లేదని నేను చాలా ఏళ్ళ తర్వాత అర్థం చేసుకున్నాను. ఆమెకు పదమూడేళ్ళకే ఎట్లా తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఆట అయ్యాక కూడా అయిపోయేది కాదు. గోడకు ఆనుకొని కూర్చొని గంటసేపు పోట్లాడుకునేవాళ్ళు. నువ్వు నెక్కొండలో ఆపకుంటే నేను పోయేదాన్ని, నువ్వు మామిడిపండ్లని ఒక్క మాట అంటే వదిలేవాణ్ణి, రేపు చూస్తా నీ సంగతి. ఆ రేపు కోసమే మళ్ళీ వచ్చేవాళ్ళు. ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చేదాకా ఆట మొదలయ్యేది కాదు. నేను ఉన్నాను కదా, మొదలుపెడదామంటే, రానీ అక్కా అనేవాళ్ళు. డబ్బా కూడా ఇక్కడే ఉంది. మనిషి లేదని ఆగేవాళ్ళు. నేను ఊరికి పోయిన వారం మాత్రం ఎవరూ ఆగలేదు. వచ్చాక లెక్కపెట్టి అడిగాను, ఆరు ఆటలు ఆడారు.

ఇదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది మా నాయిన సంగతి.

నేను ఆట చేసిన ఎండాకాలమంతా ఆయన నా గీతలు దాటుకుంటూ డ్యూటీకి పోయాడు, దాటుకుంటూ వచ్చాడు. ఒక్కనాడు నిలబడి చూడలేదు. ఈసారి ఒక పొద్దున డ్యూటీకి పోబోతూ గుమ్మంలో ఆగాడు. పక్కింటి వాడు నొప్పుల ఫోను చేస్తున్నాడు. మా నాయిన నవ్వాడు. టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకొని ఆట సగమయ్యేదాకా చూశాడు. పోతూ పోతూ ఆ పిల్లతో, "ఆట గిట్లుండాలె బిడ్డా. అచ్చం మా కంట్రోల్ లెక్కనే ఉన్నది," అన్నాడు.

నేను రెండు గడుల అవతలే నిలబడి ఉన్నాను.

మర్నాడు నా వంతు కేసముద్రం స్టేషన్ మాస్టరు. ఆమె వంతు మెయిలు. లెక్క ముప్పై దాటింది, ప్యాసింజరును దాటేసి, గెలుస్తానన్న నవ్వుతో మెయిలు నా స్టేషన్‌కు వచ్చి ఆగింది. మానుకోట దాకా లైను ఖాళీగా ఉంది, గూడ్సు అక్కడ పక్కపట్టాలో ఉంది. నేను ఎర్రగాజు ఇస్తే చాలు.

నేను ఆ గాజు చేతికి వేసుకున్నాను. అప్పటికే నా చేతికి డజను ఎర్రగాజులున్నాయి, దానితో పదమూడు.

"టోకెన్ లేదు," అన్నాను.

"లేకుంటెట్ల?" కాజీపేట నుంచి కంట్రోలర్ అరిచాడు.

"లేదు. మిషన్ల నుంచి వస్తలేదు."

అందరూ వెతికారు. చాప కింద, డబ్బాలో, గోడ మూలల్లో. నేను కూడా వెతికాను. ఎవరో విసుగొచ్చి, పోనీ గాజు లేకున్నా పోరాదా అన్నారు. ఆమె కదల్లేదు.

"టోకెన్ చేతికి రాంది బండెట్ల గుంజుతరు?" అంది. కేసముద్రం గడిలో బాసింపట్టు వేసుకొని కూర్చుంది.

మధ్యాహ్నమైంది. తల్లులు పిలిచారు. ఒక్కొక్కరే అన్నాలకు పోయారు. నేనూ పోయాను. మా వంటింటి కిటికీ నుంచి చూస్తే ఆమె అక్కడే ఉంది. రెండు దాటితే కేసముద్రం మీదికి ఎండ వస్తుంది. వచ్చింది. వాళ్ళమ్మ గుమ్మంలోంచి రెండుసార్లు పిలిచింది. లైన్ రాలేదమ్మా అని అక్కడి నుంచే జవాబు. అసలు స్టేషన్ వైపు ఒక గూడ్సు పోయింది. ఇంకో గూడ్సు పోయింది. నేను మజ్జిగన్నం కలుపుకుంటూ లెక్కపెట్టాను. అడిగితే ఇచ్చేదాన్నేమో. అడగలేదు. అడగకపోవడం కూడా గొప్ప కోసమేనని అనుకున్నాను.

పొద్దుటి డ్యూటీ దిగి మా నాయిన వచ్చాడు.

"ఎండల కూసున్నవేంది బిడ్డా?"

"టోకెన్ రాలే కాకా. మెయిల్ ఆగింది."

ఆయన నవ్వలేదు. ఒక్క క్షణం ఆ గీతల వైపు చూశాడు. ఇంట్లోకి వచ్చి, నా పక్క నుంచే పోయి, మేకుకు తగిలించిన నల్లగొడుగు తీసుకొని మళ్ళీ బయటికి పోయాడు. గొడుగు విప్పి ఆ పిల్ల మీద పట్టుకొని నిలబడ్డాడు. తొమ్మిది గంటలు లివర్లు గుంజి వచ్చిన మనిషి, అన్నం తినకుండా. ఒక ప్యాసింజరు పోయేదాకా అట్లాగే ఉన్నాడు. ఆ తర్వాత జేబులోంచి చిన్న పెన్సిలు తీశాడు. టోకెన్ మిషన్ చెడిపోయినప్పుడు స్టేషన్ మాస్టరు కాగితం మీద రాసిస్తే బండి పోవచ్చు, దానికొక పద్ధతి ఉంది. ఆయన సిగరెట్ పెట్టె చింపి, వెనకవైపు ఏదో రాసి, కింద సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాడు. ఆమె లేచి, కాగితం రెండుసార్లు చదువుకొని, అప్పుడు కదిలింది. మానుకోట, గార్ల, డోర్నకల్. వాళ్ళింటి గుమ్మంలో ఆగి, కూత వేసి లోపలికి పోయింది.

కేసముద్రం స్టేషన్ మాస్టరును నేను. ఆ సంతకం నాది కావాలి.

మా నాయిన అన్నానికి కూర్చున్నాడు. నేను వడ్డించాను. చేతికి పదమూడు గాజులు గలగలమన్నాయి. ఆయన ఏమీ అడగలేదు. అడిగి ఉంటే దెబ్బలాడి తేల్చుకునేదాన్ని. నెల తర్వాత అంట్లు తోముతుంటే ఒక గాజు పగిలింది. అది ఆ గాజేనో కాదో నాకు తెలియదు. వానలు మొదలయ్యాక వాళ్ళకు పెద్ద క్వార్టర్ వచ్చింది, వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు డబ్బా పిల్లలకిచ్చి పోయింది. నాకు కాదు, పిల్లలకు.

ఎనభైల్లో, నా పెళ్ళయి వరంగల్‌లో ఉంటున్న రోజుల్లో, ఒక ఎండాకాలం, నా చిన్నప్పుడే అత్తారింటికి వెళ్ళిన మా అక్క దగ్గరికి కాజీపేట పోయాను. మా బావకు కూడా రైల్వేలోనే నౌకరి, వాళ్ళకు అదే లైన్లో క్వార్టర్ వచ్చింది. రిటైరైన మా నాయిన వాళ్ళ దగ్గరే ఉండేవాడు. గేటు తీసేసరికి వరండా నిండా సుద్దగీతలు. కాజీపేట, వరంగల్, నెక్కొండ. అక్షరాలు వంకరగా ఉన్నాయి గాని, వరస నాదే.

మా అక్క బిడ్డ పదేళ్ళది, దాన్ని అడిగాను. "ఇదేం ఆటే?"

"డోర్నకల్ ఆట, చిన్నమ్మా."

"ఎవరు చేసిండ్రు దీన్ని?"

"డోర్నకల్ అక్కనట. ఎప్పుడో ఉండేదట."

"నేను చేసిన. నేను."

అది నన్ను కింది నుంచి పైకి చూసింది. "మరి డోర్నకల్ ఆట అని ఎందుకంటరు?"

చెప్పులు విడిచి గీతల్లోకి దిగాను. ఇరవై ఐదేళ్ళదాన్ని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకొని మెయిలు తీసుకున్నాను. మా అక్క బిడ్డ కేసముద్రం మాస్టరు. నాకు వచ్చిన రహస్యం చీటీ ఉత్త కాగితం. అయినా సరే, బండిలో పేషెంటు ఉన్నాడని, దవాఖానకు చేరాలని కంట్రోలర్‌ను బతిమాలాను. ఆ పిల్లవాడు నమ్మాడు. చాలా ఏళ్ళ తర్వాత నా ఒంట్లో పరుగు వచ్చింది. లెక్క ముప్పై దాటేసరికి ప్యాసింజరును వెనకేసి కేసముద్రం చేరాను. చేయి చాపాను.

అప్పుడు కష్టాల చీటీ తీసే వంతు నాదైంది. డబ్బాలో చేయి పెట్టి తీశాను. ఈ డబ్బా వేరు, కాగితం నోట్‌బుక్ నుంచి కొత్తగా చింపింది, రాత ఎవరో చిన్నపిల్లది. చీటీలు నలిగినప్పుడల్లా చూసి మళ్ళీ రాసుకుంటారట. మాటలు మాత్రం ఆమె రాసిన పాతవే.

'టోకెన్ స్టేషన్ మాస్టరు చేతికే ఉన్నది. ఇచ్చేదాక మెయిలు కదలొద్దు. అడగొద్దు.'

నేను దాన్ని చదివి, మళ్ళీ చదివాను. చేతికే ఉన్నది. ఆమె చూసింది. పదమూడు గాజులను ఆ రోజే చూసింది. ఎండలో కూర్చొని చూస్తూనే ఉంది.

పిల్లలంతా గోలగోలగా మీద పడ్డారు. "కేసముద్రం చీటీ వచ్చింది, చిన్నమ్మకు కేసముద్రం చీటీ వచ్చింది." అది డబ్బాలో ఒకటే ఉంటుందట. అది వస్తే ఆట అటో ఇటో తేలిపోతుందట. అందరికీ అదంటే భయం, అందరికీ అదే రావాలని ఉంటుందట.

నేను చేసిన ఆట ఆమె పేరు మీద పోయింది. సరే. నేను చేసిన తప్పు కూడా ఆమె చీటీ అయి, ఆ డబ్బాలో అన్నిటికంటే మంచి చీటీగా తిరుగుతోంది. దాన్ని కూడా నాకు మిగల్చలేదు.

మా అక్క బిడ్డ ఎర్రగాజును చేతికి తొడుక్కొని, నా ముఖంలోకి చూస్తూ గలగలలాడించింది. "ఆకలైతాంది చిన్నమ్మా, నేను తినొస్త," అని లోపలికి పోయింది. మిగిలినవాళ్ళూ పోయారు. నేను కేసముద్రం గడిలో కూర్చున్నాను. సిమెంటు కాలుతోంది. కాసేపటికి ఎండ మోకాళ్ళ మీదికి వచ్చింది. మా అక్క వంటింట్లోంచి, "ఏందే చిన్నపోరి లెక్క, లేచి రా," అంది. నేను రాలేదు.

వెనక చెప్పుల చప్పుడైంది. నా మీద నీడ పడింది. తలెత్తితే మా నాయిన, అదే నల్లగొడుగు, ఒక పుల్ల విరిగింది. పన్నెండేళ్ళ వయసు నుంచి నేను కోరుకున్నది అదే, ఆ వరండాలో ఆయన నా కోసం నిలబడటం.

"ఆ పిల్ల గూడ గిట్లనే కూసున్నదిరా," అన్నాడు. ఆయనకు ఇష్టమైన సంగతి గుర్తొచ్చినప్పటి గొంతు.

జేబు తడుముకున్నాడు. "కాయిదం రాసియ్యాల్నా?"

"వద్దు నాయినా. గాజు చేతికిస్తేనే పోత."

ఆయన గొడుగు అట్లాగే పట్టుకున్నాడు. స్టేషన్ వైపు ఒక గూడ్సు పోయింది. లోపల నుంచి మా అక్క బిడ్డ పెరుగు అడుగుతున్న మాట వినబడింది, అంటే ఇప్పట్లో రాదు. ఆ రోజు ఆమె కూర్చున్నది రెండు గూడ్సులు, ఒక ప్యాసింజరు పోయేంతసేపు. నేనే లెక్కపెట్టాను, నాకు బాగా గుర్తుంది. నాకు ఇంకొక్క బండి ఎక్కువ పోవాలి. కాళ్ళు సర్దుకొని కూర్చున్నాను.